స్లైడ్ మీద లేని మెట్లు

మొదటి ఏజెంటు ఒక గోదాములో చచ్చిపోయాడు. రెండోవాడు ఒక క్లినిక్ వెనక సందులో. మూడోవాణ్ణి నిన్ననే లిఫ్టు గుంతలోంచి పైకి తీశారు. ముగ్గురూ బ్రీఫింగ్‌లో చెప్పిన దారినే వెళ్ళారు.

"లీక్ ఎక్కడుందో పట్టుకో," అన్నాడు చీఫ్. "నాలుగో ఆపరేషన్ ఈ మధ్యాహ్నమే. మూతబడ్డ ప్రింటింగ్ ప్రెస్‌లో విదేశీ ముఠా ట్రాన్స్‌మిటర్ పెట్టింది. టీమ్ లీడరెవరో తెలుసుగా?"

ఏజెంట్ ముల్లుకు తెలుసు. సొంత తమ్ముడు.

"వాయిదా వెయ్యండి సార్."

"సాయంత్రానికి సామానంతా ఎత్తేస్తారు."

"వాడికేమైనా అయితే?"

చీఫ్ కిటికీ వైపు తిరిగాడు. జవాబు లేని పెద్దమనుషులకు కిటికీలు బాగా పనికొస్తాయి.

ముల్లు ప్రొజెక్టర్ మెకానిక్ వేషం కట్టాడు. ఖాకీ చొక్కా, నెరిసిన మీసం, లావుపాటి కళ్ళద్దాలు. వాటి ఫ్రేములో వైర్‌లెస్ ఉంది. బ్రీఫింగ్ రూములో వెనక మూల చతికిలబడ్డాడు.

స్లైడ్లు చూపిస్తున్నది నెమలి. డిపార్ట్‌మెంట్ ఆమెకు ముద్దుగా పెట్టుకున్న పేరది. నల్ల సూటు, తేనెలాంటి గొంతు. నిఘావాళ్ళు పంపే ఇరవై పేజీల రిపోర్టును నాలుగు స్లైడ్లకు కుదించగలదు. ఆమె వచ్చాక ఆ ఆఫీసులో పూర్తి రిపోర్టు చదివిన పాపాన ఎవరూ పోలేదు.

"కాపలా, ఇద్దరు. ప్రవేశం, వెనక మెట్లు." గోడ మీద ఎర్ర బాణం ఎగురుకుంటూ వచ్చి మెట్ల ఫోటో మీద వాలింది. చివరి స్లైడ్ వచ్చింది. 'ప్రశ్నలు?'

అక్కడ ఆ మాటకు అర్థం లేచి టీకి వెళ్ళమని. కుర్చీలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి.

"బాబాయ్, కాస్త దారి," అన్నాడు తమ్ముడు, అన్నను గుర్తుపట్టకుండానే. ముల్లు పక్కకు జరిగాడు.

గది ఖాళీ అయింది. ఫోటోలో పై మెట్లే ఎందుకున్నాయి? ఎవరైనా కింది నుంచేగా ఎక్కేది! టీమ్ ప్రెస్‌కు బయల్దేరింది. అతను మధ్యాహ్నం దాకా కంప్యూటర్ ముందు కూర్చుని పాత మూడు బ్రీఫింగులు కూడా తిరగేశాడు. ఎక్కడా తప్పు లేదు. మెట్ల ఫోటో అంచు పట్టుకుని కిందికి లాగాడు. నెమలి ఫోటోను కత్తిరించిందే గానీ, కత్తిరించిన ముక్క ఫైల్లోనే ఉండిపోయింది. బొమ్మ గోడ పొడవునా సాగింది. మూడో మెట్టు కింద రేకు డబ్బా, దాన్నుంచి వేలాడుతున్న వైరు. చిన్న ఫోటోలో వెంట్రుకలా ఉండేది గోడ మీద మోకులా కనిపిస్తోంది. ఇదే స్లైడ్ పొద్దున వేసి ఉంటే అందరికీ ఒక్క చూపులో తెలిసిపోయేది.

"ప్రొజెక్టర్ ఆపెయ్, మెకానిక్."

గుమ్మంలో నెమలి. చేతిలో లేజర్ పాయింటర్. దాని కొసన విషపు సూది మెరిసింది.

ముల్లు ప్రొజెక్టర్‌ను గిరుక్కున ఆమె కళ్ళలోకి తిప్పాడు. సూది గురి తప్పి కుర్చీలో దిగింది. ఆమె చెయ్యి మెలిపెట్టి పట్టుకుని కళ్ళద్దాల ఫ్రేము నొక్కాడు.

"గొడుగు మూసెయ్! గొడుగు మూసెయ్!" ఉన్నచోటే ఆగిపొమ్మని కోడ్.

గరగర. ఫ్రేము మళ్ళీ నొక్కాడు.

"అన్నయ్యా, నువ్వా? రెండు మెట్లెక్కాను. కాలు గాల్లో ఉంది. దించనా?"

"వెనక్కి దించు నాయనా. వెనక్కి."

టీమ్ ముందు తలుపు పగలగొట్టి ట్రాన్స్‌మిటర్‌తో సహా ముఠాను పట్టుకుంది.

లాకప్‌లో నెమలి జుట్టు సవరించుకుంది. "నా స్లైడ్లలో ఒక్క అబద్ధం చూపించు."

"లేదు."

"ప్రతిసారీ ప్రశ్నలు అడగమన్నాను. మీవాళ్ళు టీకి పోయారు."

ముల్లుకు ఆమె గొంతు నులమాలనిపించింది. చచ్చిపోయిన ముగ్గురూ టీకే లేచారు. బయటికొచ్చాడు.

వరండాలో చీఫ్ ఎదురుపడ్డాడు. "దాని వాంగ్మూలం నలభై పేజీలుందట! పైవాళ్ళకు అంత ఓపిక ఉండదయ్యా. కుదించి స్లైడ్లు చేయించు."

"అవి చేసే మనిషి ఒక్కతే ఉంది సార్. లాకప్‌లో."

చీఫ్ గడ్డం గోక్కున్నాడు.

"ఓ గంట బయటికి తీసుకురాలేమా?"