ఎదురు బురుజు

"నేను చంపలేదు. చంపాలని మాత్రం చాలాసార్లు అనుకున్నాను. అదీ నేరమేనా?"

అరబ్బు కొండల నడుమ బాహా పట్టణంలోని డిటెక్టివ్ రద్దాద్ ఆఫీసు గుమ్మంలో నిలబడి ముసలి ముస్ఫిర్ అడిగిన మొదటి మాట అది. అసిస్టెంటు ముఈద్ కుర్చీ లాగి కూర్చోబెట్టాడు.

విషయం చిన్నదే. కొండ మీది ఊళ్లు రెండూ ఖాళీ అయి జనమంతా రోడ్డు పక్కకు దిగిపోయారు. లోయకు ఇటు బురుజులో ముస్ఫిర్, అటు బురుజులో ఖుద్రాన్ మాత్రం మిగిలారు. పొలం గట్టు తగాదాతో యవ్వనంనుంచీ ఇద్దరికీ పడదు. మొన్న ఉదయం ఖుద్రాన్ తన బురుజు కప్పుమీద తుపాకీ గుండు తగిలి పడిపోయాడు, ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ముస్ఫిర్ బురుజు గోడకు తుపాకీ పెట్టి కాల్చే కన్నంలో మెరుపు కనబడిందని ఆ ఉదయం బాబాయి దగ్గరికి వచ్చిన ఖుద్రాన్ అన్న కొడుకు అతియ్య పోలీసులకు చెప్పాడు.

"ఆ ఉదయం మీరేం చేశారు?" అన్నాడు రద్దాద్.

"రోజూ వాడి పొయ్యి పొగ చూస్తాను. ఆ రోజు పొగమంచులో ఏమీ కనబడలేదు. ఎందుకో మనసు ఉండబట్టక, 'ఒరే ఖుద్రాన్, బతికే ఉన్నావా?' అని కేకేశాను. 'నిన్ను పాతిపెట్టాకే పోతాను, పోరా!' అన్నాడు. ఆ వెంటనే తుపాకీ పేలింది." ముసలాయన తల దించుకున్నాడు. "ఎన్నో ఏళ్ల తర్వాత మేం మాట్లాడుకున్నది అంతే."

ముగ్గురూ కారులో కొండెక్కారు. తలుపులు ఊడిన రాతి ఇళ్ల మధ్య గాలి తప్ప మరే చప్పుడూ లేదు. ముఈద్‌కు గట్టిగా మాట్లాడాలంటే సంకోచం కలిగింది.

అతియ్య ఖుద్రాన్ బురుజు దగ్గరే ఉన్నాడు, ఇస్త్రీ చేసిన తెల్లటి పొడుగు తోబు, ఖరీదైన గడియారంతో.

"ఈ ముసలాడికి డిటెక్టివొకడా! మా బాబాయిని పొట్టన పెట్టుకుని మళ్లీ ఇక్కడికే వచ్చావా?" అని ముస్ఫిర్ మీద విరుచుకుపడ్డాడు.

"నెమ్మది నాయనా," అన్నాడు రద్దాద్. "మీ బాబాయిని ఆసుపత్రికి చేర్చడానికి అంతసేపు పట్టిందేం?"

"ఏం చెయ్యమంటారు? కారు ముందు ఏముందో కనబడితేగా! ఆ మంచులో మలుపుల దగ్గర దిగి, చేత్తో గోడ తడుముకుంటూ దారి చూసుకున్నాను."

"మీ బాబాయికి తుపాకీ ఉండేదా?"

"లేదు. తుపాకీ అంటేనే ఆయనకు భయం."

రద్దాద్ తలాడించి లోపలికి నడిచాడు. తరతరాల పొయ్యి పొగకు గోడలు నల్లబారి ఉన్నాయి. ఒక మేకు కింద మాత్రం పొడవుగా, సన్నగా మసి పట్టని గుర్తు ఉంది. కింది గదికి చెక్కడాల పాత తలుపు ఉండాల్సిన చోట కొత్త రేకు తలుపు ఉంది. ఖుద్రాన్ ఒంటిమీది అంగీని అక్కడున్న పోలీసుల దగ్గర అడిగి తీసుకుని, వీపు మీది రంధ్రాన్ని రద్దాద్ చాలాసేపు చూశాడు. దాని చుట్టూ ఉన్ని కమిలిపోయి ఉంది. ఆయన ఒకే చోట అంతసేపు చూశాడంటే పని అయిపోయినట్టేనని ముఈద్‌కు తెలుసు.

మధ్యాహ్నం ఇన్‌స్పెక్టరుతో సహా అందరినీ ఖుద్రాన్ బురుజు కప్పుమీదికి పిలిచాడు రద్దాద్.

"అతియ్యా, ఎదురు బురుజులో మెరుపు చూశానన్నావు. నీ కారు ముందు నీకే కనబడని మంచులో లోయ అవతల తుపాకీ కన్నం ఎలా కనబడింది?"

"అప్పుడు... కాస్త తేలిపోయింది."

"పేలకముందు ముస్ఫిర్‌కు పొగ కనబడలేదు. పేలాక నీకు దారి కనబడలేదు. మధ్యలో నీ కోసమే తేలిపోయిందా? సరే, మంచు మాట వదిలెయ్. అంగీ కమిలింది. అంటే తుపాకీ వీపుకు ఆనేంత దగ్గర్లో పేలింది. అది ఏ తుపాకీ? గోడ మీద మసి పట్టని చోట దాని ఆకారం ఇప్పటికీ ఉంది. మీ బాబాయిదే. దాన్ని దాచి, ఆయనకు తుపాకీయే లేదన్నావు."

ఇన్‌స్పెక్టరు అతియ్య వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"తాతల నాటి చెక్కడాల తలుపు పీకి మంచి ధరకు అమ్ముకున్నావు. ఆయనకు తెలిసింది, అవునా?"

అతియ్య పెదవులు తడుపుకున్నాడు. "తలుపు తెచ్చిపెట్టకపోతే పోలీసులకు చెప్తానన్నాడు. సొంత అన్న కొడుకునని కూడా చూడలేదు. ఈ ముస్ఫిర్ కేకేశాడు, బాబాయి అటు తిరిగాడు..." అంటూ తుపాకీ దాచిన చోటు చెప్పేశాడు. అది ధాన్యపు గోతిలో దొరికింది.

అతియ్యను ఎక్కించుకుని పోలీసు జీపు కొండ దిగిపోయాక ముస్ఫిర్ పిట్టగోడ పట్టుకుని నిలబడ్డాడు.

"నేను పిలవకపోతే వాడు అటు తిరిగేవాడు కాదు కదయ్యా?"

రద్దాద్ వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు. "ఏమో పెద్దాయనా. కానీ బతికున్నావా అని ఆయన్ని అడిగినవాడు మీరొక్కరే."

ముసలాయన పిట్టగోడ వదిలి ఇటు తిరిగాడు. తర్వాత, "కాఫీ తాగి వెళ్లండి," అన్నాడు, కాదంటారేమోనన్న భయంతో.

ఆయన బురుజులో ముగ్గురూ కూర్చున్నారు. ముసలాయన ఖుద్రాన్ గురించి చెబుతూనే ఉన్నాడు: వాడి మొండితనం, వాడి మేకలు, చిన్నప్పుడు ఇద్దరూ కలిసి దొంగిలించిన దానిమ్మలు. అక్కడి ఆచారం ప్రకారం చాలనుకున్న అతిథి కప్పును కొద్దిగా ఊపి తిరిగి ఇచ్చేస్తే చాలు, పోయడం ఆగిపోతుంది. ముఈద్ రెండో కప్పుకే ఊపేశాడు. పట్నంలో ఇంకో కేసు ఎదురుచూస్తున్నా, రద్దాద్ మాత్రం కొండల మీద ఎండ వాలిపోయేదాకా కప్పు ఊపలేదు.