ఆరూ పదికి వెళ్లాల్సిన పోస్టు

నాంపల్లిలో నా గది రెండో అంతస్తులో ఉంటుంది. కింద జిరాక్సు షాపు, దాని పక్కన హోటలు. మధ్యాహ్నం మొదలు ఉల్లిపాయలు వేగే వాసన మెట్లెక్కి వచ్చి ఎదుటి కుర్చీలో తిష్ట వేస్తుంది. ఇరవై ఏళ్లుగా వెబ్‌సైట్లు, బ్లాగులు బాగుచేసి బతుకుతున్నాను. కస్టమర్లు మారతారు గానీ ప్రశ్న మారదు. "ప్రహ్లాద్ సార్, బ్లాగులో రాస్తే ఫేస్‌బుక్‌లో దానంతట అదే పడాలె, ఎట్లా?" ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి వేసి రెండింటికీ ముడిపెట్టాలి, అంతే. అరగంట పని. ఈ మధ్య ఆ అరగంట కూడా బరువుగానే ఉంటోంది.

ఆ శనివారం సాయంత్రం ఐదింటికి, వానలో తడిసి యూనీస్ మేడం వచ్చారు. గన్‌ఫౌండ్రీలో ఇల్లు, స్కూల్లో లెక్కల టీచరు. గొడుగు మూల పెట్టి, కాగితం మీద రాసుకొచ్చిన పాస్‌వర్డు నా ముందుంచారు.

"మా నాన్న బ్లాగు సార్. యేసుదానం ఆయన పేరు. పోయి మూడు నెల్లయింది. మా చర్చిలో ఎవరు పోయినా జీవిత చరిత్ర ఆయనే రాసేది. అవన్నీ చర్చి ఫేస్‌బుక్ పేజీల కూడా రావాలని అమ్మ కోరిక."

జీవిత చరిత్ర అనేది వాళ్లలో ఒక పద్ధతి. భూస్థాపన రోజున పోయినవాళ్ల గురించి అందరి ముందూ ఒక పేజీ చదువుతారు. ఎక్కడ పుట్టారు, ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు, పిల్లలెందరు, చివరికి ఏ రోజు ఎన్ని గంటలకు ప్రభువునందు నిద్రించారు. యేసుదానం గారు అవన్నీ బ్లాగులో పెట్టుకున్నారు. బాగా రాశారు కూడా. ఒకావిడ గురించి, "ఆమె చారులో ఉప్పు ఎప్పుడూ ఎక్కువే, ఒక్కరం కూడా చెప్పలేదు" అని ఉంది. చదివి నవ్వుకున్నాను.

ప్లగిన్ వేశాను. పేజీతో ముడిపెట్టాను. బ్లాగులో ఏం ఉంటే అది వరుసలో చూపిస్తుందది. అన్నీ పాతవే. పైన మాత్రం ఒకటి విడిగా ఉంది.

పంపాల్సినవి: 1. ఈ రోజు, సాయంత్రం 6:10.

తెరిచాను. శ్రీమతి మాబెల్ గారి జీవిత చరిత్ర.

"మాబెల్ ఎవరు మేడం?"

"మా అమ్మ," అన్నారు. నా మొహం చూసి చిన్నగా నవ్వారు. "భయపడకున్రి సార్. నాన్న ముందే రాసి పెట్టేటోడు. మట్టి చేసేది తెల్లారే ఉంటది, అప్పటికప్పుడు రాయనీకి టైమెక్కడిది? ముసలోళ్ల మంచం పక్కన కూసొని అన్నీ అడిగి రాసుకునేటోడు. ఆఖరి లైను ఒక్కటి ఖాళీ పెట్టేటోడు."

ఆఖరి లైను ఖాళీగా లేదు. ఈ రోజు తేదీ, సాయంత్రం ఆరూ పది, స్వగృహమందు, కుమార్తె ఇంట లేని సమయమున ప్రభువునందు నిద్రించిరి.

ఆమె రెండుసార్లు చదువుకున్నారు. నవ్వు పోయింది.

ఈ పోస్టును చివరిసారి ఎప్పుడు మార్చారో చూశాను. ఈ రోజే, పొద్దున నాలుగూ ఇరవైకి.

"పాస్‌వర్డు ఇంకెవరికి తెలుసు?"

"నాకొక్కదానికే. నిన్ననే నాన్న డైరీల దొరికింది."

ఎవడో ఆకతాయి పని అని నాకు నేను చెప్పుకున్నాను. పోస్టు తీసేశాను. పేజీ మళ్లీ తెరిస్తే ఉంది. తేదీ మార్చాను. మారినట్టే మారి, మళ్లీ ఆరూ పదికి వచ్చి కూర్చుంది. ఆమె అప్పటికే ఇంటికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టారు.

"అమ్మా, ఎట్లున్నవ్?"

"మంచిగనే ఉన్న బిడ్డా. జర అలసటైతుంది. ఒరుగుత."

ఆ గొంతు వెనక ఏదో చప్పుడు. టక్... టక్... టక్.

"అమ్మా, ఆ చప్పుడేంది?"

"ఏం లేదు. నువ్వు నిమ్మళంగ రా," అని పెట్టేసింది.

యూనీస్ మేడం ఫోను గుప్పిట్లో పట్టుకున్నారు. గొంతు బాగా తగ్గించి అన్నారు. "నాన్న కంప్యూటర్ పోయిన నెలనే అమ్మేసిన సార్. మా ఇంట్ల టైపు కొట్టేది ఏదీ లేదు." గొడుగు కూడా తీసుకోకుండా లేచారు. "మీరు దాన్ని ఆపున్రి. నేను ఇంటికి ఉరుకుత. ఆమె తప్ప నాకెవ్వరూ లేరు."

ఐదూ యాభై రెండు. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినపడినంతసేపు విన్నాను.

కరెంటు పోయింది. కింద హోటల్లో గిన్నెల చప్పుడు కూడా ఆగిపోయింది. చీకటి గదిలో లాప్‌టాప్ వెలుగొక్కటే. ముందు ప్లగిన్ తీసేశాను. తర్వాత ఫోన్ నుంచి వచ్చే నెట్ కూడా ఆపేశాను. అయినా ఆ వరుస అక్కడే ఉంది. ఉల్లిపాయల వాసన పోయి, ఎక్కడినుంచో యూకలిప్టస్ నూనె వాసన వచ్చింది. ముసలివాళ్లు ఛాతీకి రాసుకునేది... నా వెనక నుంచి.

వెనక్కి తిరగలేదు. నాకంత ధైర్యం లేదు, ఒప్పుకుంటాను.

ఆరూ నాలుగు. ఒక్క సంగతి గమనించాను. తేదీ మారడం లేదు, పోస్టు పోవడం లేదు గానీ, పేరు మాత్రం మారుతోంది. మాబెల్‌లో ఒక అక్షరం కొట్టేస్తే కొట్టేసినట్టే ఉంది. ఖాళీగా వదిలితే ఒప్పుకోవట్లేదు. ఎవరిదో ఒక పేరు ఉండాలి.

ఎవరి పేరు రాయను? బతికున్నవాళ్లలో ఎవరి పేరు రాసినా పాపమే. ఆరూ ఏడు. అప్పుడు తట్టింది. ఒకసారి పోయిన మనిషికి మళ్లీ ఏమవుతుంది?

యేసుదానం అని టైపు చేశాను.

వెనక ఎవరో ఊపిరి బిగపట్టినట్టయింది...

సేవ్ నొక్కాను. ఆ పేరు నిలిచింది. ఆరూ పది. టింగుమని చిన్న చప్పుడు. పోస్టు వెళ్లిపోయింది. యూకలిప్టస్ వాసన ఒక్కసారిగా పోయి, మళ్లీ ఉల్లిపాయలు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. ఏడుపొచ్చినంత పనైంది.

ఆరూ పదమూడుకి ఫోను.

"సార్, అమ్మ బాగుంది! నేనొచ్చేసరికి పడుకొనుంది, ఇప్పుడు లేచి కూసుంది," యూనీస్ మేడం ఏడుస్తూ నవ్వుతున్నారు. అంతలోనే, "కానీ ఏందో అంటుంది సార్... మీతో మాట్లాడుతదట."

ఫోను చేతులు మారింది. ముసలి గొంతు మెల్లగా అంది.

"ఎంత పని చేసినవ్ నాయనా."

"అమ్మా, మీకేం కాలేదు కదా?"

"నాకేమైతది. ఆయన పోయిండు. మూడు నెల్లసంది నా మంచం పక్కనే కుర్చీల కూసొని టైపు కొట్టుకుంట ఉన్నడు. బిడ్డ భయపడతదని చెప్పలె. ఇద్దరం కలిసి పోదామని నా కోసం ఆగిండు. నేనే రాయమన్న. మస్తు అలిసిపోయిన నాయనా. ఇప్పుడే, నా ముంగటనే, చెయ్యి పట్టుకున్నోడు పట్టుకున్నట్టే లేకుంటపోయిండు. ఒక్కడే పోయిండు."

తప్పు చేశాననే తోచింది. ఆమె బతికి ఉందన్న సంతోషం కూడా సగమే మిగిలింది.

"ఇగ నాది రాసేటోళ్లు లేరు," అంది. "నువ్వే రాయాలె. ఏ తారీకు రాస్తవ్?"

"అమ్మా, నేను రాయను. నేను కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని."

"ఆయన గూడ రైల్వేల గుమాస్తానే నాయనా. రాయనీకి మొదలువెట్టింది ఒక్కదాంతోనే," అని ఫోను పెట్టేసింది.

కరెంటు వచ్చింది. వెళ్లిన పోస్టు చూశాను. కింద రచయిత పేరుండే చోట ప్రహ్లాద్ అని ఉంది. యేసుదానం గారి పాస్‌వర్డుతో లోపలికెళ్లిన నేను నా పేరు ఎక్కడా ఇవ్వలేదు. అంతకన్నా వింత ఆ కింద ఉంది. ఇంకో కొత్త పోస్టు. శ్రీమతి మాబెల్ గారి జీవిత చరిత్ర. రచయిత ప్రహ్లాద్. మెదక్‌లో పుట్టిందని, పదహారో ఏట బాప్తిస్మమని, భర్త పోయిన సాయంత్రం ఆమె ఒక వెబ్‌సైట్ల మనిషిని క్షమించిందని, నా ధోరణిలో, నేను వాడే మాటల్లోనే ఉంది. ఆఖరి లైనులో తేదీ దగ్గరా సమయం దగ్గరా ఖాళీ.

రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నాను.

ఖాళీలో ఒక అంకె పడింది.