బా ఎదుట నువ్వు

"మీ ట్యూబులు రెండూ మూసుకుపోయాయమ్మా," అంది డాక్టర్ మాలతీబెన్.

ఆనంద్ ఊళ్లో స్టేషన్ రోడ్డు మీద సైకిల్ షాపు నడిపే ఉత్సవ్‌కి ట్యూబంటే పంక్చరే గుర్తొచ్చింది. "అతుకు పడదా మేడమ్?" అని అడిగేశాడు.

పక్కనున్న కేతకి నవ్వాపుకుంటూ భర్త కాలు తొక్కింది. ఒకప్పుడు అతను వేసిన అతుకు ఊడిందని షాపు ముందు నిలబడి దులిపేసిన పిల్లే ఆమె. ఆ పోట్లాటే ప్రేమై, నాలుగేళ్ల కిందట పెళ్లయింది.

డాక్టరు నవ్వలేదు. "పాత ఇన్ఫెక్షన్, క్లమీడియా అంటారు. కలయిక వల్ల అంటుకుంటుంది. చాలామందికి ఉన్నట్టే తెలీదు. ఇద్దరికీ పరీక్ష చేద్దాం. ఉంటే ఇద్దరూ మందులు పూర్తిగా వాడాలి. ఆ తర్వాతే ఐవీఎఫ్."

"నాకు ఈయన తప్ప ఎవరూ తెలీదు మేడమ్," అంది కేతకి.

ఉత్సవ్‌కి అప్పుడు గుర్తొచ్చింది. పెళ్లికి ముందు సూరత్‌లో చదువు, అక్కడొక స్నేహం, తర్వాత కొన్నాళ్లు మూత్రంలో మంట. ఎవరో ఇచ్చిన మాత్రల్లో రెండు వేసుకోగానే తగ్గింది. మిగతావి పారేశాడు. ఆ సంగతే మరిచిపోయాడు.

బయట వాన. స్కూటర్ల షెడ్డు కింద అంతా చెప్పేశాడు. "నా నుంచే వచ్చింది కేతూ."

ఆమె వాన వైపే చూస్తూ, "మీరు బండి తియ్యండి," అంది.

'మీరు' అనేది ఉత్సవ్ తల్లి ఎదుట ఆమె వాడే మాట. ఇద్దరే ఉంటే ఎప్పుడూ 'నువ్వే'. ఇప్పుడక్కడ మూడో మనిషి లేరు.

ఇంట్లో బా, అంటే ఉత్సవ్ తల్లి, ఉప్పులేని రొట్టెలతో పళ్లెం సిద్ధంగా పెట్టింది. "జయాపార్వతి వ్రతం, పిల్లలు కలగాలని. ఐదు రోజులు ఉప్పు ముట్టకూడదు. లోపం ఉన్నవాళ్లే కదమ్మా చెయ్యాలి."

కేతకి పళ్లెం ముందు కూర్చుంది. ఆమె నోరు విప్పదని ఉత్సవ్‌కి తెలుసు. తను ఊరుకుంటే ఇంట్లో ఎప్పటికీ ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే అతనికి సిగ్గేసింది.

పళ్లెం తన వైపు లాక్కున్నాడు. "లోపం తనది కాదు బా. పెళ్లికి ముందు నేను తెచ్చుకున్న జబ్బు తనకి అంటించాను. అందుకే పిల్లలు లేరు."

బా కోడలి పక్కన కూలబడి, "మూడేళ్లుగా నిన్నెన్ని మాటలన్నానే తల్లీ," అని ఆమె తల నిమిరింది. కేతకి అప్పుడు ఏడ్చింది.

ఉత్సవ్ చప్పటి రొట్టె మింగలేక మింగుతున్నాడు.

"మంచి మొగుడు రావాలని కన్నెపిల్లగా ఐదేళ్లు ఈ వ్రతమే పట్టి ఇదే తిన్నాను," అంది కేతకి కళ్లు తుడుచుకుంటూ. "దేవుడికి సరిగ్గా వినపడినట్టు లేదు."

ఆమె అతని వైపు తిరిగింది.

"కోపం పోలేదు. ఇప్పట్లో పోదు కూడా. రేపు ఇద్దరం పరీక్షకి వెళ్తున్నాం. ఈసారి ఒక్క మాత్ర పారేశావో, చూడు నువ్వు."

బా ఎదుటే కోడలు 'నువ్వు' అంది. నాలుగేళ్లుగా ఆ మాట దొర్లితే తప్పుపట్టాలని చెవులు రిక్కించుకుని కూర్చున్న బా, ఏమీ విననట్టు లేచి వెళ్లి, ఉప్పు డబ్బా తెచ్చి కోడలి చేతికిచ్చింది.