పన్నెండో మగ్గం

సుబేదారిలోని డిటెక్టివ్ చంద్రమౌళి ఆఫీసుకు మొగిలమ్మ రొప్పుతూ వచ్చింది.

"మా ఆయన్ను నిన్న పోలీసోల్లు పట్టుకపోయిండ్రు సారూ. మగ్గాల మీద నూలు కోసిండంటున్నరు. తను నేసే నూలును తనే కోస్తడా?"

ఆమె భర్త కట్టయ్య పరకాల రోడ్డులోని ఒక పవర్‌లూమ్ మిల్లులో యూనియన్ నాయకుడు. కూలి ఒప్పందంపై రెండు నెలలుగా చర్చలు సాగుతున్నాయి. నిన్న పొద్దున గేటుకు తాళం పడింది. 'కార్మికులు పన్నెండు మగ్గాల నూలు కోసినందున మిల్లు మూసివేయడమైనది' అని నోటీసు అంటించారు.

చంద్రమౌళి తన అసిస్టెంట్ నవనీతతో మిల్లుకు వెళ్లాడు. మేనేజర్ శ్యాంసుందర్ తన దగ్గరున్న తాళంచెవితో షెడ్డు తెరిచాడు. లోపల ఉన్నవి మొత్తం పన్నెండు మగ్గాలే.

"నిన్న ముందుగా చూసిందెవరు?"

"నేనే సార్. ఒక్కొక్క మగ్గం చూసి లెక్కపెట్టి, నోటీసు రాసిన. తర్వాత ఎవ్వల్నీ ముట్టనియ్యలే."

చంద్రమౌళి వరసగా నడిచాడు. పదకొండు మగ్గాల మీద నూలు తెగి వేలాడుతోంది. పన్నెండోది ఖాళీగా ఉంది.

గేటు బయట నిలబడ్డ కార్మికుల్లో ఆ మగ్గం నేసే యాకయ్యను పట్టుకున్నాడు. "మొన్న సాయంత్రం నూలు అయిపోయింది సార్. నూలు చుట్టే బీము దించి ఇంటికి పోయిన" అన్నాడు యాకయ్య.

మధ్యాహ్నం చంద్రమౌళి అందరినీ మిల్లు ఆఫీసులో కూర్చోబెట్టాడు. ఎస్సై కట్టయ్యను తెచ్చాడు. యజమాని కిషన్ రావు కూడా వచ్చాడు.

"నూలే లేని మగ్గాన్ని ఎవరూ కోయలేరు. చూసి లెక్కపెడితే పదకొండే వస్తాయి. నోటీసులో పన్నెండు ఉందంటే, అది కోయకముందే రాసింది. అందరూ వెళ్లాక, తాళం చేతిలో ఉన్నవాడే లోపలికి వెళ్లి కోశాడు. అవునా శ్యాంసుందర్?"

మేనేజర్ ముఖం పాలిపోయింది. "నేను నౌకరోన్ని సార్. చెప్పింది చేసిన" అంటూ యజమాని వైపు చూశాడు.

నవనీత మెరిసే కళ్లతో చంద్రమౌళిని చూసింది. కిషన్ రావు మాత్రం కదలలేదు.

"కేసు వాపస్ తీసుకుంట. మిల్లు మాత్రం తెరువ. మగ్గాలు అమ్మేస్తున్న."

"ఇలా మూయడం చట్టవిరుద్ధం" అన్నాడు చంద్రమౌళి.

"లేబర్ కోర్టుకు పోనియ్యిండ్రి. ఎన్నేండ్లు కొట్లాడుతరో కొట్లాడనియ్యిండ్రి."

ఎస్సై కట్టయ్యను వదిలేశాడు. మొగిలమ్మ భర్త చెయ్యి పట్టుకుని ఏడ్చింది. గేటు దగ్గర యాకయ్య ముందుకొచ్చాడు.

"మల్ల డ్యూటీ ఎప్పుడు సార్?"

అంతలో మగ్గాలు ఎక్కించడానికి లారీ వచ్చి హారన్ కొట్టింది. కట్టయ్య భార్య చెయ్యి వదిలించుకుని వెళ్లి, గేటుకు అడ్డంగా నేల మీద కూర్చున్నాడు. అతని పక్కన యాకయ్య కూర్చున్నాడు. ఎస్సై మళ్లీ జీపు దిగాడు.