తెగని చైను

ఆషాఢమాసంలో కొత్త అల్లుడు అత్తవారి వాకిట్లో మోటారు సైకిలు విప్పుకుని కూర్చోవడం తోటపల్లి గూడూరులో అదే మొదలు.

రంగనాయకులుది యుద్ధంలో తిరిగిన ఇంగ్లీషు బండి. మిలిటరీ వాళ్లు మద్రాసులో అమ్మేస్తుంటే కొన్నాడు. నెల్లూరు రైసుమిల్లులో గుమస్తా పని. సెలవురోజున ఇంట్లో బండి విప్పడం, బిగించడం సరదా. చప్పుడు విని దాని జబ్బు చెప్పగలడు. భార్య మనసులో ఏముందో మాత్రం అంతుపట్టడం లేదు.

పెళ్లయి నెల తిరక్కముందే ఆషాఢం వచ్చి ప్రమీల పుట్టింటికి వెళ్లిపోయింది. ఉన్న నాలుగునాళ్లూ "ఊ", "ఊహూ" తప్ప మాట్లాడలేదు. ఇష్టపడి చేసుకుందా, పెద్దలు చెప్పారని తల వంచిందా? ఆ ప్రశ్నతో అతనికి అన్నం సయించడం లేదు, కూర్చున్నచోట కూర్చోబుద్ధి కావడం లేదు. వెళ్లి అడుగుదామంటే ఆషాఢంలో అత్తా అల్లుడూ ఒకే గడప దాటకూడదు.

అందుకే బండి చెడిపోయింది.

"ఏమైంది నాయనా?" తలుపు చాటునుంచి అత్తగారు రాఘవమ్మ అడిగింది.

"చైను తెగిందత్తా. ఇంజనుకూ క్లచ్చుకూ మధ్య చైను."

"అయ్యో! మీ మామ పొలం పొయినాడే. లోపలికి రమ్మనేదానికి లేదు. ప్రమీలా, కాఫీ అయినా ఇచ్చిరా మే."

ప్రమీల గ్లాసుతో వచ్చేసరికి అతను రేకు మూత ఊడదీశాడు. కారిన నూనె ఇసుకలో ఇంకుతోంది. రెండు పళ్లచక్రాలనూ చుట్టుకుని చైను నిగనిగలాడుతోంది. ఆమె వంగి చూసింది.

"చైను తెగిందన్నారే."

"అవును."

"తెగితే ఇట్టా గుండ్రంగానే ఉంటుందా?"

కాఫీ అందుకుని గుక్క వేసిన రంగనాయకులుకు పొలమారింది. పెళ్లయ్యాక ఆమె నోట విన్న పెద్దమాట అదే. అదీ దొంగను పట్టుకున్న మాట.

"తెగబోతోంది. చూడు, ఎంత వదులో!" రుజువు చూపించే తొందరలో, చైను కొసలు కలిపే లింకుకున్న క్లిప్పును పట్టకారుతో నొక్కాడు. గోరంత స్ప్రింగు క్లిప్పు. టింగుమని ఎగిరి ఎక్కడో ఇసుకలో పడింది. చైను జారి వేలాడింది.

"ఇప్పుడు తెగింది," అంది ప్రమీల.

ఆ క్లిప్పు లేనిదే బండి కదలదు. నెల్లూరంతా తిరిగినా ఇంకొకటి దొరకదు. పడమటనుంచి మబ్బు కమ్ముకొస్తోంది.

"చూస్తారేంది? ఇసుక ఎత్తండి! వానొస్తే కొట్టుకుపోతుంది." ఆమె లోపలికి పరిగెత్తి గంప, జల్లెడ తెచ్చింది. ఇద్దరూ దోసిళ్లతో ఇసుక ఎత్తారు. ఒకసారి చేతులు తగిలాయి. ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

చినుకులు పెద్దవయ్యాయి. లోపలినుంచి రాఘవమ్మ గొంతు వినిపించింది.

"అమ్మే, నేను పెంచలమ్మ ఇంటికి పోతుండా. నేను లేకుంటే గడపకేం దోషం లేదు. అబ్బాయిని వసారాలోకి రమ్మను, తడుస్తుండాడు."

గోనెపట్టా నెత్తిన కప్పుకుని, పెరటి దారిన, వానలోనే పక్కింటికి వెళ్లిపోయింది. అడగకుండా చేసిన మేలు.

బండిని వసారాలోకి తోశారు. చూరునీళ్లు తెరకట్టినట్టు పడుతున్నాయి. అతను గేరుబాక్సు బోల్టులు వదులుచేసి దాన్ని వెనక్కి జరిపాడు. ఇక చైను వేశాక వదులుండదు. ప్రమీల కొంచెం కొంచెంగా ఇసుక జల్లిస్తోంది.

"మంగళవారం కూడా పొయినారు ఈ దారిన," అంది, జల్లెడతో చెబుతున్నట్టు.

"అదా... సముద్రం చూద్దామని."

"శుక్రవారం కూడా అది ఆడనే ఉండిందా?"

అతని చేతిలో స్పానరు ఆగిపోయింది. "నీకెట్టా తెలుసు?"

"మన బండి చప్పుడు నాకు తెలవదా? ఆగుతారేమోనని వీధి తలుపు దాకా పరిగెత్తినా. రెండుసార్లూ దుమ్మే మిగిలింది." ఆమె జల్లెడ అంచు తట్టింది. "నేను మాట్లాడలేదని మీకు కోపమేమో అనుకున్నా. కొత్తచోట నాకు నోరు పెగల్దు. అంతే."

ఇక అడగనక్కర్లేదు. అయినా అడిగాడు. "అయితే నేనంటే ఇష్టమేనా?"

"ఇష్టం లేకుంటే ఈ ఇసుకంతా ఎందుకు జల్లిస్తా?" ఈసారి తల వంచుకోలేదు. అతని మొహంలోకే చూసింది.

రంగనాయకులు చేతినూనె చొక్కాకే తుడుచుకుని, గంప దగ్గరికి జరిగి కూర్చున్నాడు. జల్లెడ ఇంకో రెండుసార్లు ఊగింది. ఇసుక జారిపోయి, అడుగున క్లిప్పు మెరిసింది.

ఇద్దరూ చూశారు. ఇద్దరిలో ఎవరూ చెయ్యి చాపలేదు.

ప్రమీల గంపలోంచి మరో దోసెడు ఇసుక తీసి నెమ్మదిగా దానిమీద పోసింది. జల్లెడ కింద పెట్టేసింది.

వాన వెలిసి చాలాసేపయ్యాక గోడ అవతలినుంచి రాఘవమ్మ కేక వేసింది. "అమ్మే! దొరికిందా?"

"ఇంకా లేదు!" ఇద్దరూ ఒక్కసారే అన్నారు.

గోడ అవతలినుంచి నవ్వు ఆపుకుంటున్న గొంతు వినిపించింది.

"నిదానంగా వెతకండి. నేనీడనే భోంచేస్తాలే."