కిటికీ తెరుచుకునే రైలు

1986 సెప్టెంబరు పద్నాలుగు, ఆదివారం. ఆ మధ్యాహ్నం కొండ ఊరు బెర్గ్యూన్‌లో దూరి, ఆయన భార్య మెంగియా, ఆమె అక్క బార్లా వదిన ఇంట్లో కాపున్స్ తిన్నారు. పిండిలో ఎండు మాంసం ముక్కలు కలిపి, ఆకుకూరలో చుట్టి, పాలల్లో ఉడికించి, పైన చీజ్ తురిమి పెట్టింది వదిన. దూరి మళ్ళీ మళ్ళీ వడ్డించుకుంటుంటే మెంగియా బల్ల కింద నుంచి ఆయన కాలు తొక్కింది. సాయంత్రం రైలు దగ్గర అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. అప్పట్లో దూరి కొండకు అవతల సమేదాన్ బడిలో పంతులు. కొండ దాటడం అంటే అప్పటికీ దూరదేశం పోవడమే అనుకునేవాళ్ళు వాళ్ళిద్దరూ.

"రైలు పైకెక్కుతూ మా ఇంటి మీదుగానే చుట్లు తిరుగుతుందిగా. కిటికీ తీసి ఏదైనా ఊపవే. నేను దుప్పటి ఊపుతా," అంది వదిన.

మెంగియా మెడలోని పసుపు పచ్చ స్కార్ఫ్ తీసి ఊపింది. బెర్గ్యూన్ దాటాక రైలు కొండ చుట్టూ తిరుగుతూ ఎక్కుతుంది. కింద ఊరు ఒకసారి ఈ కిటికీలో, ఇంకోసారి ఆ కిటికీలో కనిపిస్తుంది. మూడుసార్లు కనిపించింది వదిన ఇల్లు. మూడుసార్లూ మేడ మీద తెల్ల దుప్పటి ఎగిరింది. అప్పటినుంచీ ఆ దారిన ఎప్పుడు వెళ్ళినా అదే వాడుక.

ఇవన్నీ పాత మాటలు. మెంగియా పోయి రెండు చలికాలాలు దాటాయి. పంతులు పని మానాక భార్యాభర్తలిద్దరూ కొండకు ఇవతల ఖూర్‌కి వచ్చేశారు; దూరి ఇప్పటికీ అక్కడే, కూతురి ఇంటి కింద వాటాలో ఉంటాడు. పైన కూతురు లదీనా, అల్లుడు ఉర్స్, మనవరాలు ఫ్లురీనా.

మంగళవారం పొద్దున దూరి కాఫీ కాచుకుంటూ ఉండగా లదీనా ఫోను పట్టుకుని మెట్లు దిగి వచ్చింది. చేతిలో వేడి రొట్టె. రొట్టె పెద్ద ముక్క ఆయన ముందు పెట్టి, చిన్న ముక్క తను తీసుకుంది. ఇలాంటివి ఆయన గమనిస్తాడు. చెప్పడు.

"నాన్నా, అంతా ఖాయం చేసేశాను. గురువారం పొద్దున బయలుదేరతాం. పనోరమా రైలు, బెర్గ్యూన్ దారినే. పైకప్పు దాకా అద్దమే! కొండల అవతల తిరానోలో రాత్రి ఉండి, శుక్రవారం వచ్చేస్తాం. నీకు కిటికీ పక్క సీటు."

దూరి చెంచాతో కాఫీ కలుపుతూనే ఉన్నాడు. అందులో చక్కెర వెయ్యలేదు.

"ఆ రైల్లో కిటికీలు తెరుచుకోవు కదమ్మా," అన్నాడు.

"తెరవడం ఎందుకు? ఇంట్లో కిటికీ తీస్తేనే మెడకు ఉన్ని చుట్టుకుంటావు నువ్వు!"

"మామూలు రైల్లో వెళ్దాం. పాసింజర్లో."

"పాసింజర్లో ఎందుకు నాన్నా? ఫ్లురీనా గాజు కప్పు గాజు కప్పు అని వారం నుంచి నా ప్రాణం తీస్తోంది."

"అయితే మీరు వెళ్ళండి. గురువారం నాకు పేకాట ఉంది."

లదీనా చేతిలోని రొట్టె బల్ల మీద పెట్టేసింది. "అమ్మ పోయాక మనం అందరం కలిసి గడప దాటలేదు. ఉర్స్ సెలవు కోసం వాళ్ళ పైఅధికారి కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. నీకు పేకాట ఎక్కువా?"

"శుక్రవారం అయితే..."

"శుక్రవారం అయితే కాదు నాన్నా. ఎప్పుడూ రానని అనరాదూ? పైకి భోజనానికి రమ్మంటే ఆకలి లేదంటావు. క్రిస్మస్‌కి రమ్మంటే నడుం నొప్పంటావు. నేనేం చేశానని నీకు?"

ఆమె వెళ్ళిపోయింది. కోపంగానే వెళ్ళినా పెద్ద ముక్క ఆయనకే వదిలేసి వెళ్ళింది. దూరి దాన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాడు, కాఫీ చల్లారిపోయే దాకా.

మర్నాడు సాయంత్రం ఉర్స్ కిందికి వచ్చాడు. మాటకారి కాడు. గుమ్మంలో నిలబడి, "మామయ్యా, బార్లీ సూప్ చేశాను. మీరు రాకపోతే ఆ కుండంతా నేనే తినాలి. మీ అమ్మాయి రెండు రోజులుగా ఏమీ తినడం లేదు," అన్నాడు.

దూరి పైకి వెళ్ళాడు.

వంటింటి బల్ల మీద ప్రయాణానికి సర్దుతున్న సరుకులు ఉన్నాయి. ఉడికించిన గుడ్లు, ఆపిల్ పళ్ళు, వాల్‌నట్ల కేకు ముక్కలు. లదీనా తండ్రి వైపు చూడకుండానే గిన్నె ముందు పెట్టింది.

"ఫ్లురీనా, కింద తాత సంచిలో పెద్ద ఫ్లాస్కు ఉంటుంది. వెళ్ళి తీసుకురా. తాతకి రేపు పేకాటలో అవసరం ఉండదుగా," అంది.

ఆ ఎత్తిపొడుపు దూరికి తగిలింది. తగిలిన మరుక్షణం సంచి మాట గుర్తొచ్చి లేవబోయాడు. "నేను తెస్తానమ్మా..." అనేలోపే పిల్ల మెట్లు దిగేసింది.

వచ్చేటప్పటికి ఒక చేతిలో ఫ్లాస్కు, మెడలో పసుపు పచ్చ స్కార్ఫ్. "తాతా, ఇది ఎవరిది? ఎంత బాగుందో! నేను పెట్టుకోనా?"

లదీనా చేతిలోని గరిటె కుండలోకి జారిపోయింది.

తల్లి చనిపోయిన రెండు నెలలకు లదీనా ఆ స్కార్ఫ్ కోసం ఇల్లంతా వెతికింది. బీరువాలు, పెట్టెలు, కోట్ల జేబులు. అప్పుడు తండ్రి, "బట్టలతో పాటు చర్చి వాళ్ళకి ఇచ్చేసి ఉంటాం తల్లీ," అన్నాడు. ఆమె చర్చికి పోయి అక్కడి మూటలన్నీ విప్పించింది కూడా.

"ఇచ్చేశామన్నావు," అంది లదీనా.

"అవును."

"నా కళ్ళలోకి చూసి చెప్పావు నాన్నా."

"అవును తల్లీ."

"ఎందుకు?"

దూరి సూప్ గిన్నె అంచుల్ని రెండు చేతులతో పట్టుకున్నాడు, చలి కాచుకుంటున్నట్టు.

"మీ అమ్మ గురువారం గురువారం సమేదాన్‌కి పాటల బృందంలో పాడటానికి పోయేది కదా. దారిలో మీ పెద్దమ్మకి ఇది ఊపేది. అమ్మ పోయిందని మనం పెద్దమ్మకి చెప్పాం. గుర్తుందా? చెప్పిన ప్రతిసారీ కొత్తగా విన్నట్టు ఏడ్చింది. మర్చిపోయేది. మళ్ళీ అడిగేది. మళ్ళీ ఏడ్చేది. ఇంక చెప్పకండి బాబూ, ఈ ముసలిదాన్ని ఎన్నిసార్లు చంపుతారు అని పెద్దమ్మ పక్కింటి నేసా దణ్ణం పెట్టింది."

"అది నాకు తెలుసు."

"ఆ తర్వాత గురువారాలు మీ పెద్దమ్మ దుప్పటి పట్టుకుని కిటికీ దగ్గర నిలబడేదట. రైలు పోయేది. ఎవరూ ఊపేవాళ్ళు కాదు. చీకటి పడేదాకా లోపలికి వచ్చేది కాదని నేసా ఫోను చేసింది. అందుకని... నేను వెళ్తున్నాను."

"ఎక్కడికి?"

"రైలుకి. కొండ మీద ప్రెదా స్టేషను దాకా పోయి, ఒక కాఫీ తాగి, వచ్చేస్తాను. బెర్గ్యూన్ దాటాక ఊపుతాను. ముందు ఈ వైపు, తర్వాత ఆ వైపు, మళ్ళీ ఈ వైపు."

"పేకాట?"

"పేకాట లేదు."

ఉర్స్ నెమ్మదిగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"మంచులో కూడానా మామయ్యా?"

"మంచులో కూడా. పాపం, పెట్టెలో వాళ్ళు ఏమీ అనరు. కాలర్లు పైకి లాక్కుంటారు. టికెట్లు చూసే అమ్మాయి ఒకతి ఉంది. ఆ కిటికీ నా చేతికి రావడం లేదని చూసి, ఇప్పుడు తనే వచ్చి తీస్తుంది. ఎందుకని ఒక్కసారి కూడా అడగలేదు." కాస్త ఆగాడు. "నేసా సాయంత్రం ఫోను చేస్తుంది. మొన్న బార్లా ఏమందో తెలుసా? మా మెంగియా చెయ్యి బాగా లావెక్కింది, ఆ పంతులు దానికి తిండి బాగానే పెడుతున్నాడు అందట."

ఫ్లురీనా పకపకా నవ్వింది. ఉర్స్ నవ్వు ఆపుకోలేకపోయాడు. లదీనా నవ్వలేదు.

"మరి బెర్గ్యూన్‌లో దిగవా? పెద్దమ్మ దగ్గరికి వెళ్ళవా?"

"ఎలా వెళ్ళను? నేను ఒక్కణ్ణే గుమ్మంలో నిలబడితే, 'మెంగియా ఏదీ?' అంటుంది కదా."

లదీనా పొయ్యి కట్టేసింది. వెనక్కి తిరిగినప్పుడు ఆమె మొహం ఎర్రగా ఉంది.

"అందరికీ పోయింది నాన్నా అమ్మ. నాకూ పోయింది. నువ్వు పెద్దమ్మ కోసం అమ్మని బతికించుకున్నావు. బాగుంది. మరి నాకో? నేను ఈ ఇంట్లో, నీ నెత్తి మీదే ఉన్నాను. గురువారం సాయంత్రం నువ్వు తలుపు వేసుకుంటావు. కింద నువ్వు ఒక్కడివి, పైన నేను ఒక్కదాన్ని. ఒక్క గురువారం నన్ను కూడా రమ్మంటే నీ సొమ్మేం పోయేది?"

దూరి తల వంచుకున్నాడు. ఆయన ఆలోచించనిది అదే. బార్లా వదిన ఏడుపు ఆయనకి దుప్పటంత తెల్లగా, దూరం నుంచే కనిపించింది. కూతురి ఏడుపు నెత్తిమీద నడుస్తున్నా వినపడలేదు. మెట్ల మీద రొట్టెతో దిగి వచ్చే అడుగులు అవే కదా.

"ఆ కాసేపూ," అన్నాడు చివరికి, "మీ అమ్మ లేదని తెలియనిది లోకంలో మీ పెద్దమ్మ ఒక్కతే. ఆమెకి ఊపుతున్నంతసేపూ నాకూ తెలియనట్టే ఉండేది. ఇంకెవరైనా పక్కన ఉంటే, తెలిసిపోతుందేమోనని..." ముసలాయన కన్నీళ్ళు సూప్ గిన్నెలోకి కారాయి.

లదీనా వచ్చి ఆయన తలని పొట్టకి ఆనించుకుంది, చిన్నపిల్లవాణ్ణి పట్టుకున్నట్టు. తర్వాత కూతురి మెడలోంచి స్కార్ఫ్ తీసి మొహానికి అద్దుకుంది. చాలాసేపు అలాగే ఉంచుకుంది.

"అమ్మ వాసన పోయింది," అంది. "ఇనుము వాసన వస్తోంది. రైలు వాసన."

"పోయిందమ్మా. నాకు తెలియకుండానే పోయింది."

ఆమె ముక్కు చీదుకుని ఫోను అందుకుంది. "ఉర్స్, వెళ్ళేటప్పుడు పాసింజర్. ఫ్లురీనా, మూతి ముడవకు. వచ్చేటప్పుడు గాజు కప్పు. నాన్నా, మొదట ఏ వైపు కిటికీ?"

"నువ్వు ఊపుతావా?"

"అమ్మ చెయ్యి లావెక్కిందని ఊరంతా అనుకుంటున్నారు. కాస్త సన్నబడనీ పాపం."

దూరి నవ్వాడు. నవ్వుతూనే ఏదో చేజారిపోతున్నట్టు అనిపించింది ఆయనకి. "మరి నేనేం చెయ్యను?" అన్నాడు.

"కూర్చో. ఆ వైపుకీ ఈ వైపుకీ పరిగెత్తకుండా. పెద్దమ్మ దుప్పటి ఎలా ఊపుతుందో ఎప్పుడైనా నిమ్మళంగా చూశావా?"

చూడలేదు. ఊపడంలో పడి ఎప్పుడూ సరిగ్గా చూడనే లేదు.

భోజనం అయ్యాక ఫ్లురీనా గుడ్లన్నీ తువ్వాలులో చుట్టింది. ఉర్స్ మిగిలిన సూప్ ఫ్లాస్కులో పోసి, చెప్పకుండానే దూరి సంచిలో పెట్టాడు. దూరి మెట్లు దిగబోతుంటే లదీనా స్కార్ఫ్ చేత్తో పట్టుకుని వచ్చింది.

"ఈ ఒక్క రాత్రికి నా దగ్గర ఉంచుకోనా నాన్నా?"

"ఉంచుకో తల్లీ. నీదేగా."

అన్నాడు గాని, ఖాళీ చేతుల్తో కింద గదిలోకి వచ్చాక వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. సంచిలో స్కార్ఫ్ ఉండే చోట ఫ్లాస్కు ఇంకా వెచ్చగా ఉంది. దాని మీద అరచెయ్యి ఆనించి కొంచెంసేపు నిలబడ్డాడు.

పైన లదీనా పిల్లని పడుకోబెట్టి, మెట్ల దగ్గరికి వచ్చింది. కింద దీపం ఆరేదాకా ఆగింది. అప్పుడు గొళ్ళెం టక్కుమనకుండా, పిడి చివరిదాకా పట్టుకుని, తన చిన్నప్పుడు రాత్రిళ్ళు అమ్మ వేసినట్టే, మెల్లగా తలుపు వేసింది.