కెల్విన్ షెడ్డులో నల్ల రింగు

చీకటి పడ్డాక కెల్విన్ షెడ్డులో పనిచేస్తే తలుపు దానంతటదే బిగుసుకుంటుందని ఆ గొడ్ల ఎస్టేటులో అందరూ చెప్పుకుంటారు. విమానాలు బాగుచేసే కెల్విన్, పద్దెనిమిదేళ్ళ కిందట, తను బిగించిన విమానంలోనే ఎగిరి కాలిపోయాడు. అప్పట్నుంచి ముగ్గురు ఆ షెడ్డులో రాత్రంతా చిక్కుకుపోయారు.

"నాలుగోదానివి నువ్వేనేమో అక్కా!" నవ్వాడు తమ్ముడు డారిల్. ఆ రాత్రి అక్క బాగుచేయబోయే చిన్న విమానంలోనే, తెల్లారగానే కూతుర్ని హాస్టలుకి దింపాలి అతను.

"నోర్మూసుకుని పడుకో. పొద్దున ఎగరాల్సింది నువ్వు," అంది నెరిడా.

షెడ్డుకెళ్ళి, విమానంలో పెట్రోలు వడకట్టే గిన్నె విప్పి, డబ్బాలోంచి కొత్త రబ్బరు రింగు తీసి బిగించింది. నల్లగా, గుండ్రంగా, అతికినట్టు సరిపోయింది. పెట్రోలు వదిలితే చుక్క కారలేదు. పావుగంట పని! దీపం ఆర్పి తలుపు తోసింది—

కదల్లేదు.

భుజంతో గుద్దింది. "డారిల్! వేళాకోళం చాలు!"

ఫోను ఇంట్లో ఉండిపోయింది. ఇల్లేమో అరిచినా వినపడనంత దూరం.

గంట... రెండు గంటలు. తలుపుకి ఆనుకుని కూచుంది. రేకుకి అవతల ఎవరో ఊపిరి తీస్తున్నట్టు...

"కెల్విన్ బాబాయ్... నన్ను పోనీ..." గుసగుసలాడింది.

టప్.

చాలాసేపటికి మళ్ళీ— టప్.

పెట్రోలు వాసన. నుదుటి లైటు వేసుకుని పాక్కుంటూ వెళ్ళింది. విమానం కడుపు కింద, విమాన పెట్రోలుకి ఉండే నీలిరంగులో తడి! గిన్నె విప్పింది. రింగు ఉబ్బి గాడిలోంచి బయటికి పొడుచుకొచ్చింది. గోరు దిగబడేంత మెత్తగా ఉంది.

రింగుని వెలుగులో తిప్పి చూసింది నెరిడా. అది పెట్రోలుకి ఆగే రబ్బరు కాదు, జీపు బ్రేకులకి వేసేది. రెండూ నల్లనివే, రెండూ అదే కొలత... ఎవరో ఒకే డబ్బాలో పోశారు. తనేమో కళ్ళతో చూసి నమ్మేసింది. ఇది పైకెగిరాక జరిగుంటే? పిల్ల కూడా...

సీలు విప్పని ప్యాకెట్టు వెతికి, దానిమీది నంబరు రెండుసార్లు చదివి, ఆ రింగు బిగించింది. పెట్రోలు వదిలి, కింద తెల్లకాగితం పరిచి, తెల్లారేదాకా రెప్ప వేయకుండా చూసింది. కాగితం పొడిగానే ఉంది.

అప్పుడు... గడియ కిర్రుమంది.

తలుపు తెరుచుకుంది. దుప్పటి కప్పుకుని, గడియలోంచి లాగిన గునపం చేత్తో పట్టుకుని, వంటామె మేవిస్. కెల్విన్ భార్య.

"నువ్వా పిన్నీ!"

"పద్దెనిమిదేళ్ళుగా నేనే."

"చెప్తే ఉండేదాన్నిగా!"

"ఉండరే పిల్లా. పావుగంట చూసి పోతారు." ముసలామె గునపం గోడకి ఆనించింది. "కెల్విన్ కూడా ఆ రాత్రి ఇక్కడే ఉండి చూస్తాననే అన్నాడు... పులుసు చల్లారిపోతోందని పిలిచింది నేనే."